నోటుబుక్కులో ఆరు కౌగిళ్ళు

గ్యాసు పుస్తకం కోసం వెతుకుతుంటే మా ఆవిడ నోటుబుక్కు దొరికింది. దొరికింది అనడం మర్యాద కోసం. బీరువాలో పట్టుచీరల అడుగున, పాత దుప్పటి మడతల్లో దూరి ఉన్న వస్తువు తనంతట తాను దొరకదు. గ్యాసు పుస్తకాన్ని అక్కడ ఎవరూ పెట్టరు కూడా. సరే, వెతికాను. వెతకడానికి కారణం ఉంది.

పదిహేను రోజులుగా మా ఆవిడ నా మాటలు నమ్ముతోంది.

పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో అలాంటిది ఎన్నడూ జరగలేదు. నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుని. మా తాత, నాన్న, నేను, మూడు తరాలుగా ఖరగ్‌పూర్ సైరనుకి లేచి సైరనుకి అన్నం తిన్నవాళ్ళం. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడు పొడుగుకి పేరుమోసిన ఇక్కడి ప్లాట్‌ఫాం జానెడే ఉండేదనీ, ఆయన బీడీ కాలుస్తూ కాలితో తోస్తే అంత పొడుగు సాగిందనీ నేను చెబుతాను. ఒక చివర గడ్డం గీసుకుని నడక మొదలెట్టినవాడికి రెండో చివర చేరేసరికి మళ్ళీ మంగలి కావాలని కూడా చెబుతాను. ఇందులో నిజమెంత అని అడిగేవాడితో నాకు స్నేహం కుదరదు. మా షాపులో ఒక బెంగాలీ దాదా ఉన్నాడు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను టీ గ్లాసు అందుకోగానే అందరికీ చెయ్యి చూపించి "గుల్ షురూ" అంటాడు. గుల్ అంటే బెంగాలీ వాళ్ళ భాషలో కోతలు. ఇంట్లో మా ఆవిడ కూడా అంతే. నోరు తెరిస్తే చాలు, "కొయ్యి బావా, కొయ్యి, కత్తిపీట తెమ్మంటావా?" అనేది. మేనత్త కొడుకుని కాబట్టి బావననే పిలుస్తుంది.

అలాంటి మనిషి మారిపోయింది. మొన్న గాలివానకి మా షెడ్డు రేకు ఒకటి ఎగిరిపోయి, ఇందా బజారులో చేపలమ్మే దీదీ నెత్తి మీద గొడుగులా నిలబడిందని చెప్పాను. "అవునా, పాపం" అంది. ఇంకో గరిటె పప్పు వేసింది. కోతలు కోసేవాణ్ణి కాబట్టి నాకు ఈ సంగతి తెలుసు: మనం చెప్పేదానికి అడ్డు చెప్పకుండా తలాడించేవాడి బుర్ర మరోచోట పనిలో ఉంటుంది.

అందుకని వెతికాను. నోటుబుక్కు మొదటి పేజీల్లో ఏ పసిపిల్లకి ఏ నూనె పడుతుందో రాసుకుంది. మధ్యలో ఒక పేజీ స్కేలు పెట్టి గీతలు గీసి ఉంది. పైన ఒక పక్క ఇంగ్లీసు, రెండో పక్క ఇటలీ. కింద అన్నీ తన గుండ్రటి తెలుగు అక్షరాలే. హగ్, దానికెదురుగా అబ్బ్రాచ్చో. ఎంబ్రేస్, దానికెదురుగా "ఇదీ అదే". కడిల్, కొక్కొలె. స్నగిల్, అక్కొక్కొలార్సి. స్క్వీజ్, స్ట్రెట్టా. క్యారీ, ఇన్ బ్రాచ్చో. 

అక్కడితో ఆగినా బాగుండేది. పక్కన పేరు లేని మూడో వరస ఉంది. హగ్ దగ్గర "రాగానే" అని రాసుంది. కడిల్ దగ్గర "తానమైనాక". స్నగిల్ దగ్గర "తొంగునే ముందు". స్క్వీజ్ దగ్గర "మెల్లిగా".

హగ్ అంటే టీవీ చూసే వాడెవడికైనా తెలుసు. మిగతావాటికి ఫోను తీశాను. మాట చెబితే తెలుగులో అర్థం చెప్పే ఏర్పాటు అందులో ఉంది. ఎంబ్రేస్ అన్నాను. కౌగిలింత అంది. కడిల్ అన్నాను. కౌగిలింత అంది. అబ్బ్రాచ్చో అన్నా కౌగిలింతే. అక్కొక్కొలార్సి అని నాలుగుసార్లు అన్నాను, నాలుగోసారి అర్థం కాలేదు క్షమించమంది. నేను మాత్రం క్షమించే స్థితిలో లేను. నా బీరువాలో, నా పెళ్ళాం చేతిరాతలో ఆరు రకాల కౌగిళ్ళు ఉన్నాయి. వాటికి వేళలు కూడా ఉన్నాయి.

ఇక్కడ మా ఆవిడ పని చెప్పాలి. తను పసిబిడ్డలకి నీళ్ళు పోస్తుంది. మా వాళ్ళ పద్ధతిలో, రెండు కాళ్ళూ బారజాపి కూచుని, బిడ్డని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తుంది. రైల్వే క్వార్టర్లలో తెలుగు బిడ్డలతో మొదలై ఇందాలో బెంగాలీ బిడ్డల దాకా పాకింది ఆ పేరు. ఏడ్చే బిడ్డ తన కాళ్ళ మీద పడగానే ఊరుకుంటాడు. ఇది కోత కాదు, ఎవర్నైనా అడగండి. ఏడు నెలల కిందట హిజ్లీలోని పెద్ద కాలేజీ క్యాంపస్ నుంచి పిలుపొచ్చింది. ఏడాది పాటు పాఠాలు చెప్పడానికి అప్పటికి నాలుగు నెలల ముందే వచ్చిన దంపతులు. ఆయన ఇంగ్లండు మనిషి, ఆవిడ ఇటలీ మనిషి. మూడు నెలల పాప. అప్పటి నుంచి మా ఆవిడ పొద్దున్నే అక్కడికి వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉండి వస్తోంది.

పాప ఉంది కదా, ఆ మాటలు పాపవే కావచ్చు కదా అని మీకు తట్టి ఉంటుంది. నాకూ తట్టింది. కానీ పది నెలల పాప ఇంగ్లీసులో ఏం అడుగుతుంది, ఇటలీలో ఏం అడుగుతుంది? ఎత్తుకోమంటే చేతులు చాస్తుంది, అంతే కదా. పాపకి మాటలక్కర్లేదు. మాటలు కావలసింది పెద్దవాళ్ళకి. ఆ ఇంట్లో పెద్దవాడు ఒకడున్నాడు.

మా ఇళ్ళలో ఆ పనికి మాటలే లేవు. పిల్లల్ని ఎత్తుకుంటాం, చంకనేసుకుంటాం, ఒళ్ళో వేసుకుంటాం, చలేస్తే పొదువుకుంటాం. నడక వచ్చాక అదీ ఆగిపోతుంది. పెద్దవాళ్ళకి కౌగిలి అనే మాట ఉందంటే అది పాటల వాళ్ళు వాడుకోవడానికే. మా దాదా ఏటేటా దసరా నాడు బెంగాలీల పద్ధతిలో నన్ను కోలాకులి చేస్తాడు. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ, మూడుసార్లు ఛాతీ ఆనించి వదులుతాడు. ఆ మూడూ అయ్యేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉంటాను. మా ఆవిడని ఇరవయ్యారేళ్ళలో నలుగురి ముందు చెయ్యి పట్టుకున్నది పెళ్ళిపీటల మీద ఒక్కసారే, అదీ పురోహితుడు పట్టుకోమంటేనే.

ఆ సాయంత్రం మెల్లగా కూపీ లాగాను.

"ఏటే, ఆ దొర ఇంట్లో ఏ టయానికి ఉంటాడేటి?"

"ఆయన టయంతో నీకేటి పని?"

"పని నేదు. అడగకూడదా?"

"అడుగు. పొద్దున్న ఎలిపోతాడు, సీకటడ్డాక వొస్తాడు. పాపం, పాపని సూడ్డానికే తీరదు."

"పాపం" అన్న మాట నాకు నచ్చలేదు. ఈ మధ్య ఆ మాట ఎక్కువగా వాడుతోంది.

మర్నాడు టీ వేళ దాదాకి చెప్పాను. మేమిద్దరం హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడుకుంటాం. దాన్ని తెలుగులో రాస్తున్నాను. "దాదా, మా ఇంట్లో ఇటలీ కౌగిళ్ళు దొరికాయి" అన్నాను. దాదా గ్లాసు పక్కన పెట్టి, చుట్టూ ఉన్న నలుగుర్నీ దగ్గరికి పిలిచాడు.

"రండి రండి, ఇవాళ్టిది ఫారిన్ గుల్."

"ఒట్టు దాదా. ఆరున్నాయి."

"ఆరేనా? పోయిన వారం నీ రేకు ఇందా దాకా ఎగిరింది. కౌగిళ్ళు ఇటలీ నుంచి వస్తే అరవై ఉండాలి."

అందరూ నవ్వారు. ఇన్నేళ్ళలో మొదటిసారి కల్పన లేకుండా మాట్లాడితే నాకు దక్కింది అది. ఇంక నేను ఎవరికీ చెప్పలేదు. నా అనుమానం నేనే మోసుకుని తిరిగాను.

నాలుగు రోజులు కాకముందే అనుమానం దారి మార్చుకుంది. ఏప్రిల్ నెల ఎండలో, ఫ్యాను కింద కూడా వీపు అంటుకుపోయే రోజుల్లో, మా ఆవిడ గోల్‌బజార్ నుంచి ఉన్ని మేజోళ్ళు తెచ్చుకుంది. రెండు జతలు. ఎవరికని అడిగితే "సవగ్గా వొచ్చినాయి" అంది. అడిగినదానికి అది జవాబు కాదు. తను స్నానానికి వెళ్ళగానే మళ్ళీ బీరువా తెరిచాను. దుప్పటి మడతలో ఈసారి నోటుబుక్కు పక్కన ఒక కవరు ఉంది. అందులో తెల్ల గోడ ముందు నవ్వకుండా తీయించుకున్న తన ఫోటోలు, ఆధార్ నకలు, పుట్టిన తేదీ ఉన్న పాత స్కూలు సర్టిఫికెట్టు, ఒక అచ్చు చీటీ. చీటీ మీద పాస్‌పోర్టు అనీ, వచ్చే గురువారం పొద్దున రమ్మనీ ఉంది.

నేను మంచం మీద కూలబడ్డాను. దొర మీద అనుమానం పోయింది, దాని స్థానంలో పది రెట్లు పెద్దది వచ్చి కూచుంది. దొర దంపతుల ఏడాది వచ్చే నెలతో అయిపోతుంది. వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళతో పాటు ఈవిడా వెళ్ళిపోతుంది. నాకు ఒక్క మాట చెప్పకుండా, ఉన్ని మేజోళ్ళు కొనుక్కుని, అక్కడ ఎవరు ఎప్పుడు ఎలా కౌగిలించుకుంటారో పాఠం నేర్చుకుని మరీ వెళుతుంది. మా అబ్బాయి చక్రధర్‌పూర్‌లో రైల్వేలోనే ఉన్నాడు, వాడి జీవితం వాడిది. ఈ క్వార్టర్లో మిగిలేది నేనూ నా కోతలూ. వినేవాళ్ళు లేని కోత ఎంత దిక్కుమాలినదో కోసేవాడికే తెలుస్తుంది.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగేలోపు స్కూలు సర్టిఫికెట్టు తీసి చొక్కాలో దోపుకున్నాను. మర్నాడు దాన్ని వర్క్‌షాపుకి పట్టుకెళ్ళి, నా టూల్‌బాక్సులో స్పానర్ల అడుగున, నూనె గుడ్డ తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టాను. చింపెయ్యలేదు. అది నా మంచితనానికి రుజువని అప్పట్లో అనుకున్నాను.

సోమవారం నుంచి ఇల్లు తలకిందులైంది. బీరువా, పెట్టెలు, బియ్యం డబ్బా, దేవుడి పటాల వెనక, అన్నీ దులిపింది. నన్ను సూటిగా అడగలేదు. "ఓ కాయితం కనిపించట్లేదు" అంది.

"ఏ కాయితమే?"

"రేసన్ కార్డుకి కావాల."

"రేసన్ కార్డుకి కాయితమేటి?"

"అడిగినారు. నీకెందుకు, ఎతుకు."

వెతికాను. మంచం కింద పాకి, బూజు నెత్తికి అంటించుకుని మరీ వెతికాను. ఇద్దరం ఒకే అలమారులో రెండు పక్కల నుంచి చేతులు పెట్టాం. తను దేనికోసం వెతుకుతోందో నాకు తెలియనట్టు నేను, రేషన్ కార్డే అన్నట్టు తను. చూసేవాళ్ళకి ఎంత అన్యోన్యమైన జంట అనిపించి ఉంటుంది! మంగళవారం మా చేతులు ఒకదానికొకటి తగిలాయి. తను తల తిప్పి నావైపు చూసింది. తను కూడా నన్ను అనుమానిస్తోందా అని ఆ క్షణంలో నాకు అనుమానం వచ్చింది.

బుధవారం పొద్దున్న వెతకడం మానేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. టీ ఇచ్చి, చెప్పులేసుకుని హిజ్లీ వెళ్ళిపోయింది. ఓడిపోయి మానేసిందా, లేక వేరే దారి దొరికి మానేసిందా? పెద్ద చదువుల వాళ్ళు, తలచుకుంటే కాగితం లేకుండా పని జరిపించుకోగలరు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూస్తే తప్ప లాభం లేదనుకున్నాను. సగం పూట సెలవు పెట్టి టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కాను.

క్యాంపస్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. టోటోలో రెండు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను గానీ ఎండకి రెండూ మర్చిపోయి "పాపకి నీళ్ళు పోసే ఆవిడ మొగుణ్ణి" అన్నాను. "ఓ, ఆంటీజీ కా ఆద్మీ!" అని సలాం కొట్టి పంపాడు. నా ఊళ్ళో నాకు సలాం కొట్టిన మొదటివాడు వాడు, అదీ నా వల్ల కాదు.

క్వార్టరు గుమ్మం ముందు మా ఆవిడ చెప్పులున్నాయి. లోపల చప్పుడు లేదు. బెల్లు కొట్టాను. ఇటలీ ఆవిడ తలుపు తీసింది. జుట్టు విరబోసుకుని ఉంది, ముక్కు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను ఫోటోలో చూసి ఉంటుంది, గుర్తుపట్టింది. ఏమీ అనలేదు. రెండు చేతులూ బారగా చాపి, ముందుకొచ్చి, నన్ను గట్టిగా పట్టుకుని వీపు మీద తట్టడం మొదలుపెట్టింది.

మా వాళ్ళలో ఇలా పట్టుకునేది ఒక్కప్పుడే. పెళ్ళికి పట్టుకోరు, పండక్కి పట్టుకోరు, పదేళ్ళకి కనిపించినా పట్టుకోరు. ఇంట్లో శవం లేచినప్పుడు, బయటి నుంచి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో ఎదురెళ్ళి, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి మాట్లాడకుండా రెండు చేతులూ చాపి పట్టుకుంటుంది. ఎవరు పోయారని అడగక్కర్లేదు. ఆ పట్టుతోనే తెలిసిపోతుంది. పట్టుకున్నాక ఇద్దరూ శోకాలు తీస్తారు. శోకానికి ఒక పద్ధతుంది: పోయినవాళ్ళ మంచి చెప్పాలి, బతికున్నవాళ్ళు తమ తప్పులు ఒప్పుకోవాలి. అది ఆడవాళ్ళ విద్య. మగవాళ్ళం తువ్వాలు భుజానేసుకుని అరుగు మీద కూచుంటాం. మా నాయనమ్మ శోకం ఎత్తుకుంటే నాలుగు లైన్ల క్వార్టర్లలో పొయ్యిలు ఆరిపోయేవి. ఆ విద్య నాలోనూ ఉందని ఆ గుమ్మంలో నిలబడేదాకా నాకు తెలియదు.

మా ఆవిడ పోయింది. నాకు ఇంకో ఆలోచనే రాలేదు. చెప్పులు బయటే ఉన్నాయి, మనిషి లేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాను. ఇటలీ ఆవిడ నన్ను పట్టుకునే ఉంది కాబట్టి ఆవిడా నాతోపాటు కిందికి దిగింది.

"ఓలమ్మా! నన్నొగ్గీసి ఎలిపోనావేటే! నీ సేతి సేపల పులుసు ఇంకెవులు ఒండి ఎడతారే! ఇరవయ్యారేళ్ళు నా కోతలన్నీ ఇన్నావే, ఒక్కపాలైనా సెవులు మూసుకోనేదే! నా తల్లే, నీ కాయితం నానే దాసినానే! టూలుబాక్సులో, పానాల అడుగున ఉందే! నీతో కలిసి మంచం కింద ఎతికినట్టు నటించినానే, పాపిస్టోణ్ణి! నీ నోటుబుక్కు సదివినానే! ఆ దొర మీద కూడా..."

అక్కడ ఆగాను. ఎందుకంటే లోపలి గది గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. చీర మోకాళ్ళ దాకా దోపుకుని ఉంది, కాళ్ళు తడిగా ఉన్నాయి. చంకలో తువ్వాలు చుట్టిన పాప, నా పాటకి నోరు తెరుచుకుని చూస్తోంది. ఇటలీ ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఇంత ప్రేమగల మొగుణ్ణి ఎన్నడూ చూడలేదన్నట్టు నన్ను పట్టుకుని తనూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"దొర మీద కూడా ఏటి?" అంది మా ఆవిడ.

నేను లేచి ప్యాంటు దులుపుకున్నాను. "ఏటీ నేదు" అన్నాను.

"సెప్పు. మొదలెట్టినావు కదా."

"నువ్వు బతికే ఉన్నావేటే?"

"మరేటి, పోనాననుకున్నావా?"

"ఈవిడ పట్టుకుంటేను..."

మా ఆవిడ ఒక్క క్షణం ఇటలీ ఆవిడ చేతుల కేసి, నా మొహం కేసి చూసింది. అర్థమైపోయింది. పెదాలు బిగించుకుంది, నవ్వు ఆపుకోడానికో తిట్టు ఆపుకోడానికో తెలియలేదు. "నానొచ్చిన మొదటినాడు కూడా ఇలాగే పట్టుకుంది. ఇంట్లో ఎవులో పోయినారనుకుని పావుగంట ఏడిసినాను. అందుకే రాసుకున్నాను. ఏ మాటంటే ఎప్పుడో, ఎలాగో, మళ్ళీ తప్పు రాకుండా. తల్లి ఓ బాసలో సెబుతాది, తండ్రి ఇంకో బాసలో సెబుతాడు. పాపకి తానమైనాక ఒకలా, తొంగునే ముందు ఒకలా. పనన్నాక తెలుసుకోవాలి కదా."

"ఈవిడెందుకు ఏడుస్తంది?"

"కాయితం దొరకనేదు, నాను రానేనని ఇప్పుడే సెప్పినాను కాబట్టి."

పాప ఒక చెయ్యి చాపి నా చొక్కా బొత్తాం పట్టుకుంది.

"నాకెందుకు సెప్పనేదే?" అన్నాను.

"నీకా? నీకు సెబితే మద్దినానికి వర్క్‌సాపంతా తెలుస్తాది. సాయంత్రానికి నన్ను ఇటలీ పోపుగారికి వంటమనిసిని సేసీసేవోడివి. తీరా పాసుపోర్టు రాకపోతే ఈ ఊళ్ళో నాను మొకం ఎక్కడెట్టుకోవాల? వొచ్చినాక సెబుదామనుకున్నాను."

"ఎలిపోదామనే అనుకున్నావా?"

"పది నెలలు. పాపకి నడకొచ్చి, మాటలొచ్చేదాకా." పాపని రెండో చంకకి మార్చుకుంది. "ఇరవయ్యారేళ్ళు నీ నోటమ్మటే లోకమంతా తిరిగినాను బావా. ఒక్కపాలి నా కాళ్ళతో తిరుగుతాను."

పాప లాగిన బొత్తాం సరిచేసుకున్నాను.

"ఇంకా నిలబడినావేటి?" అంది. "సైరను కొట్టీస్తే గేటు మూసేస్తారు. బేగి ఎల్లు."

టోటో అతన్ని బతిమాలి, తొందరపెట్టి, వర్క్‌షాపు గేటు చేరేసరికి సైరనుకి పది నిమిషాలు. సెలవు పెట్టి పోయినవాడు మళ్ళీ లోపలికి ఎందుకని గేటు దగ్గర అడిగారు. మా ఆవిడ కాగితం దొంగిలించి టూల్‌బాక్సులో దాచాను, ఇవ్వడానికి వచ్చానని చెప్పాను. గేటు అతను నవ్వి నవ్వి లోపలికి వదిలాడు. ఎదురొచ్చిన దాదాకీ అదే చెప్పాను. ఆయన నవ్వలేదు. నా మొహం చూసి, నాతో పాటు షెడ్డు దాకా నడిచి, టూల్‌బాక్సు బిగుసుకుపోతే తనే సుత్తితో తట్టి తెరిచాడు. 

ఆ సాయంత్రం కాగితం ఇస్తే మా ఆవిడ తీసుకుని, రెండు వైపులా తిప్పి చూసి, వాసన చూసింది. నూనె వాసన వస్తోందంది. పులుసు మాత్రం పెట్టింది. పులుసు పెట్టింది కాబట్టి క్షమించిందని అనుకోవడానికి వీల్లేదు. చేపలు పొద్దున్నే కొన్నవి, పాడైపోతాయని వండి ఉండొచ్చు.

గురువారం పాస్‌పోర్టు కౌంటరుకి నేనూ వెళ్ళాను. రమ్మనలేదు, వద్దనలేదు. కిటికీ ముందు బెంచీ మీద పక్కపక్కనే కూచున్నాం, మధ్యలో కవరు. నా బుర్ర అప్పటికీ పని ఆపలేదు. పది నెలలంటోంది. పాపకి నడక, మాటలు వస్తే ఆగుతాయా, ఆ తరవాత బడి వస్తుంది. వాళ్ళకి ఇంకో పాప పుట్టొచ్చు. అసలు ఇంట్లో చాటుగా కాగితాలు దాచే మనిషి దగ్గరికి తిరిగి రావాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుంది? నేనైతే రాను.

"బావా, ఇది పట్టుకో, కళ్ళజోడు ఎతుక్కుంటాను" అని కవరులోంచి దరఖాస్తు తీసి నా చేతిలో పెట్టింది. అచ్చు ఆ పొద్దున్నే తీయించినా, ఇందాలో ఇంటర్నెట్ షాపులో నింపించింది మాత్రం మూడు వారాల కిందట. అంటే నేను ఇంకా కాగితం దొంగిలించక ముందు, నాకు ఏమీ తెలియదని తను అనుకుంటున్న రోజుల్లో. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు ఖరగ్‌పూర్. కింద ఒక గడి ఉంది. ఏదైనా ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలి అని అడుగుతోంది. మా అబ్బాయి పేరుంటుందని అనుకున్నాను. వాడికి ఇంగ్లీసు వచ్చు, ఫోను వెంటనే తీస్తాడు, మాటకి మాట కలపడు. ఎవరైనా వాడి పేరే రాస్తారు.

నా పేరుంది. పక్కన బంధుత్వం అనే చోట భర్త అని ఉంది. ఆ కింద ఫోను నెంబరు. అది నాదేనా, నెంబరు మాత్రం అబ్బాయిది వేసిందా అని వేలు పెట్టి పది అంకెలూ ఒక్కొక్కటే చదివాను. నమ్మకం కుదరక, కౌంటరు వాళ్ళు తనని పిలిచేలోపు, చివరి నుంచి మొదటికి మరోసారి చదువుకున్నాను.